కంప దాటి నడిచేవాళ్ళకు

కొండదారికి అడ్డంగా వేసిన ముళ్ళకంప దగ్గర నాకూ, నాతో నడకకు వచ్చే మిత్రులకూ తగువు తప్పదు. "ట్రెక్కింగ్ దారి మూసేశారు చూడు" అంటారు వాళ్ళు. అది చోడి (రాగి) చేనుకు పోయే దారి, చేను వేసినవాళ్ళే కంప వేసుకున్నారు, ఫోన్ మ్యాప్‌లో గీత కనపడినంత మాత్రాన మన దారైపోదు అంటాను నేను. "అయితే కొండంతా వాళ్ళ సొంతమా?" అని ఒకడు ఎదురు ప్రశ్న వేస్తాడు. మనం నడిచే మేరకు, చాలావరకు అవును. ఈ ముక్క ఒప్పుకోవడానికి మాత్రం ఎవరికీ మనసొప్పదు.

పాడేరు, అరకు, చింతపల్లి చుట్టుపక్కల మన్యంలో కొండ నడక అంటే ఎవరిదో కమతంలోంచి నడవడమే. కాబట్టి సాగు ఎలా నడుస్తుందో చూసుకుని మన నడక సర్దుకోవాలి. మన నడక కోసం సాగు పక్కకు జరగకూడదు. వినడానికి ఇందులో కొత్తేమీ లేదు. కొవిడ్ రోజుల తర్వాత పాడేరు దగ్గరి మేఘాల కొండ వంజంగి పేరు ఒక్కసారిగా మోగిపోయినప్పటి నుంచి అక్కడ జరుగుతున్నది మాత్రం దీనికి తలకిందులుగా ఉంది. అందుకే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

హిమాలయాలు చూసొచ్చినవాళ్ళు మన కొండల దగ్గర పెదవి విరుస్తారు. తూర్పు కనుమల్లో ఎంత పెద్ద శిఖరమైనా 1,600 మీటర్ల పైచిలుకే. మంచుకొండలు లేవు, తాళ్ళు పట్టుకుని ఎక్కాల్సిన బండలు దాదాపు లేవు. నాకు మాత్రం ఈ కొండల దారులంటేనే ఆసక్తి. ఇక్కడ శిఖరానికని వేసిన దారి అరుదు. ఊరి నుంచి గెడ్డకు (కొండవాగుకు), గెడ్డ నుంచి మడికి, మడిగట్టు మీంచి గరువుకు (మెట్టనేలకు), గరువు దాటి పోడుకు, పోడు మీంచి కనుమ దిగి అవతలి ఊరి సంతకు. ప్రతి మలుపుకూ ఒక పని ఉంది. దారి ఒకచోట అనవసరంగా చుట్టు తిరిగినట్టుంటే, తిన్నగా పోయేచోట ఎవరో విత్తనం జల్లారని అర్థం. వానాకాలంలో జారకుండా రాళ్ళు పరిచి ఉంటే, ఆ దారిన బరువులు మోస్తారని అర్థం. ఊరు ఖాళీ అయినచోట, సాగు మానేసినచోట రెండు వానలు పడేసరికి లాంటానా కమ్మేస్తుంది. తర్వాత కత్తి లేకుండా ఎవరూ పోలేరు. మనం 'ప్రకృతి దారి' అని పొగిడేదాన్ని ఏటేటా తెరిచి ఉంచేది కొడవళ్ళూ పాదాలే.

నేల తీరు కూడా ఒకసారి చూడాలి. గెడ్డ వారన మెట్లు మెట్లుగా మలిచిన పల్లపు మళ్ళు, వాటిలో వరి. రాళ్ళు పేర్చి కట్టిన గట్లు, పై మడి నిండితే కింది మడికి జారే నీళ్ళు. ఊరి చుట్టూ ఓ మాదిరి వాలులో గరువు నేల: చోళ్ళు, వలిసెలు (నూనెగింజ పంట), రాజ్మా, పసుపు, అల్లం. ఆపైన నిటారు వాలులో పోడు: సామలు, కొర్రలు, మధ్య మధ్య కంది. ఒక పక్కన సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగ. చాలా ఇళ్ళకు వీటిలో ఒక్కోటీ కొంచెం కొంచెంగా ఉంటుంది. చూసేవాళ్ళకు చిందరవందరగా కనిపిస్తుంది గానీ దీని వెనక గట్టి లెక్క ఉంది. వాన ఆలస్యమై మడి ఎండినా సామలు నిలబడతాయి. కొండమీది పంట పోయినా పసుపు నేలలో భద్రంగా ఉంటుంది. చేతికి డబ్బు కావాలంటే కాఫీ, మిరియాలు. ఇంటికి తిండి కావాలంటే చోడి అంబలి. ఎకరం ఎక్కువున్నవాడికంటే నాలుగు రకాల నేల ఉన్నవాడు కరువును తట్టుకుంటాడు.

ఈ వాలుల్లో చాలా భూములకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పట్టాలున్నాయి. మన కంటికి అడవిలా తోచే జాగా కాగితం మీద ఒకరి పేరున ఉన్న సాగుభూమి. సామలు కోసేసిన చేను ఖాళీ మైదానంలా ఉంటుంది, గుడారం వేయడానికి భలే అనువుగా ఉంటుంది. అక్కడ మంట వేసి, సీసాలు పగలగొట్టి వస్తే, వచ్చే తొలకరికి ఆ నేలలో ఒట్టి కాళ్ళతో దిగేది వేరే మనిషి.

మాది శృంగవరపుకోట వైపు, ఘాటు రోడ్డు మొదలయ్యే చోటికి దిగువనున్న పల్లె. కాస్త జీడితోట, కాస్త మడి. మా నాన్న ఎవరినీ పొలంలోంచి పోవద్దనేవాడు కాదు. "గట్టు మీద నడు, గట్టు అంచు మీద నడవకు" అనేవాడు, అంతే. అంచు విరిగితే ఆ రాత్రికే నీళ్ళు దిగువకు పోతాయి, తెల్లారి పార పట్టాల్సింది ఆయనే. పెద్ద కమతం ఉన్నవాడు కూలీని పంపుతాడు. చిన్న కమతంలో పెట్టుబడంతా ఇంట్లోవాళ్ళ రెక్కలే. అదీ సరైన వారంలో ఉండాలి. వారం తప్పితే ఏడాది తప్పినట్టే. నాలుగు ఆవులు, ఒక పెంకుటిల్లు, తెల్లారగట్ల కోడికూత అనే బొమ్మలో ఈ వారం సంగతి ఎక్కడా కనపడదు. పల్లెలో పుట్టి పట్నంలో స్థిరపడ్డ మాలాంటివాళ్ళమే ఆ బొమ్మను ఎక్కువ అమ్ముతున్నాం, అది వేరే గోల.

ఇక కాఫీ.

2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచినప్పుడు మనవాళ్ళంతా సంబరపడ్డారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఆ గింజ వెనక పని ఎలా ఉంటుందో చెబుతాను. కాఫీ పండు గుత్తంతా ఒకేసారి పండదు. ఒకే కొమ్మ మీద ఎర్రపండూ పచ్చికాయా పక్కపక్కనే ఉంటాయి. ఎర్రవి మాత్రమే ఏరాలి కాబట్టి ఒకే మొక్క దగ్గరికి కొన్ని వారాల తేడాతో మళ్ళీ మళ్ళీ పోవాలి. కోసిన పండును ఆ రోజే బేబీ పల్పర్ అనే చిన్న యంత్రంలో వేసి తోలు తీయాలి. జిగురు వదిలేదాకా పులియబెట్టి, కడిగి, ఆరబెట్టాలి. అప్పుడది పార్చ్‌మెంట్, అంటే పలచటి పొరతో ఉన్న గింజ, అవుతుంది. అంత నీళ్ళు, అంత తీరిక, యంత్రం లేనివాళ్ళు పండును పండుగానే ఎండబెట్టి చెర్రీగా అమ్ముతారు, ధర తగ్గుతుంది. కొనేది గిరిజన సహకార సంస్థో, షావుకారో. 1956లో పుట్టిన ఆ సంస్థ కొనుగోళ్ళ మీద నాకు బోలెడు ఫిర్యాదులున్నాయి గానీ, అది లేకపోతే షావుకారు చెప్పిందే ధర.

ఈ పనంతా ఎప్పుడు? నవంబరు నుంచి జనవరి దాకా. వంజంగి మేఘాల కోసం, లంబసింగి చలి కోసం, మాడగడ సూర్యోదయం కోసం జనం విరగబడేది ఎప్పుడు? అదే నవంబరు నుంచి జనవరి దాకా. అసలు ముడి ఇక్కడుంది. మనం 'పాలసముద్రం' అని ఫోటో తీసుకునే ఆ పొగమంచే కాఫీ ఆరబెట్టేవాళ్ళ గుండెల మీద బరువు. పొద్దున పది దాటితే గాని ఎండ తగలదు, మూడు దాటగానే కొండనీడ పడుతుంది. మధ్యలో దొరికే ఆ కొద్ది గంటల్లోనే టార్పాలిన్ మీద గింజను తిరగేస్తూ ఉండాలి. సాయంత్రం మంచు కురవకముందే కుప్ప చేసి కప్పాలి. తడి మిగిలితే బూజువాసన వస్తుంది, సంతలో షావుకారు పిడికిట్లోకి తీసుకుని వాసన చూసి పక్కకు నెడతాడు. కొండెక్కినవాళ్ళు "ఇవాళ మేఘాలు రాలేదు, డబ్బులు దండగ" అని ఈసురోమంటూ దిగే రోజే కింద ఊళ్ళో మంచి రోజు.

ఆ సీజనులో వారాంతం ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు. అర్ధరాత్రి దాటాక వాహనాల వరస. హారన్లు, స్పీకర్లు. తెల్లవారుజామున టార్చిలైట్లతో కేకలు. పొద్దున్నే తోటకు పోవాల్సిన ఇంటివాళ్ళకు నిద్ర ఉండదు. ఊళ్ళోని కుర్రాళ్ళు పార్కింగు రసీదులు చింపడానికో, గుడారాలు అద్దెకివ్వడానికో, బొంగులో చికెన్ కాల్చడానికో పోతారు. వాళ్ళను తప్పుపట్టను. సాయంత్రానికి చేతిలో నోట్లు పడే పని ముందు, ఫిబ్రవరికో మార్చికో డబ్బులొచ్చే కాఫీ కోత ఎవరికి రుచిస్తుంది? కానీ కోతకు మనుషులు చాలక ఎర్రపండు కొమ్మ మీదే నల్లబడి రాలిపోయిన తోటలోంచి నడిచినప్పుడు, కొండమీది పార్కింగు జాగాలో ఎన్ని కార్లున్నాయో లెక్కపెట్టాలనిపించదు.

రాలిన కాయ దగ్గర ఇంకో చిక్కుంది. కాఫీ బెర్రీ బోరర్ అనే కాయ తొలిచే పురుగు 2025లో అరకు ప్రాంతపు తోటల్లో బయటపడింది. ఆవగింజంత ఉంటుంది, అంతే. ఆడపురుగు కాయను తొలుచుకుని గింజలోకి పోయి అక్కడే గుడ్లు పెడుతుంది. పైన ఎంత మందు కొట్టినా లోపలున్నదానికి తగలడం కష్టం. పట్టిన కాయలు కోసెయ్యడం, మరిగే నీళ్ళలో ముంచడం, పాతిపెట్టడం, నేల రాలిన ప్రతి కాయా ఏరడం, ఇలాంటి చేతిపనే మిగిలిన దారి. చేతిపని అంటే మళ్ళీ మనుషులు, మళ్ళీ అదే సీజను. పురుగు కాయతోపాటే ఊళ్ళు దాటుతుంది. తోటలోకి దిగి ఎర్రగా ఉందని ఒక గుత్తి తుంచి, జడలో పెట్టుకుని ఫోటో దిగి, పది కిలోమీటర్ల అవతల ఇంకో తోట దగ్గర పారేసే పని ఇప్పుడు ఒట్టి సరదా కాదు. తోటకు కంప వేసుకోవడం ఇప్పుడు నాకు ఇంకా బాగా అర్థమవుతోంది.

"పర్యాటకమే లేకపోతే వాళ్ళు ఎలా బతుకుతారు?" అని మా బృందంలో పెద్దాయన ఒకరు అడుగుతుంటారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, లెక్క మాట్లాడతారు. న్యాయమైన ప్రశ్నే. అరకు దారిలో వలిసె పూల కాలంలో రైతులు చేను అంచున నిలబడి, ఫోటో దిగేవాళ్ళ దగ్గర మనిషికి ఇంతని తీసుకుంటారు. కొందరు దీన్ని దోపిడీ అంటారు. మన్యంలో జరిగే పర్యాటక బేరాల్లో ఇంతకంటే నిజాయితీ అయినది నేను చూడలేదు. పువ్వు తొక్కితే గింజ పోతుంది, గింజ పోతే నూనె పోతుంది. ఎంత చేను తొక్కనివ్వాలో, దానికి ఎంత తీసుకోవాలో చేనుగలవాడే నిర్ణయిస్తున్నాడు. డబ్బు మధ్యలో ఎవరి చేతులూ మారకుండా నేరుగా అతని జేబులోకి పోతోంది. చేను చేనుగానే మిగులుతోంది.

చాలాచోట్ల జరిగేది ఇది కాదు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనకూడదని 1959 నాటి భూబదిలీ నిబంధనలను 1970లో గట్టిగా బిగించారు, అందరూ 1/70 చట్టం అనేది దాన్నే. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు, ఆ నిషేధం ప్రభుత్వం ఇచ్చే లీజులకు కూడా వర్తిస్తుందని చెప్పింది. అది గనుల గురించి వచ్చిన తీర్పే అయినా, ఈ నేల ఎవరిదన్న మాట అందులో సూటిగా ఉంది. ఇంత చట్టం ఉన్నా, రోడ్డువారన కాటేజీలు లేస్తూనే ఉంటాయి. బోర్డు మీద పేరు స్థానికుడిది, గల్లాపెట్టె మైదానం నుంచి వచ్చినవాడిది. నేల ఇచ్చినవాడు అదే కాటేజీకి కావలివాడు. ఆ పెద్దాయన లెక్కలో ఈ సొమ్ము కూడా 'స్థానికుల ఆదాయం' కిందే పడుతుంది.

వ్యూపాయింటుకు మోజు ఎన్నాళ్ళుంటుంది? నా కాలేజీ రోజుల్లో అందరూ బొర్రా గుహలు, అనంతగిరి, గాలికొండ అనేవాళ్ళు. తర్వాత లంబసింగి. ఆపైన వంజంగి. రేపు ఇంకొకటి. జనం పక్క కొండకు పోయాక మిగిలేది చదును చేసిన నేల, ఎవరూ అద్దెకు తీసుకోని గుడారాలు, పనిలేని కుర్రాళ్ళు. కాఫీ మొక్క అలా కాదు. నాటాక మూడు నాలుగేళ్ళకు కాపుకొస్తుంది, చూసుకుంటే దశాబ్దాలు కాస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను సిల్వర్ ఓక్‌లను కూల్చి, వాటి కింది కాఫీని నుజ్జు చేసిపోయింది. నీడ పోతే కాఫీ ఉండదు, నీడ పెరగడానికి ఏళ్ళు పడుతుంది. అయినా వాళ్ళు మళ్ళీ నాటారు. చోళ్ళూ సామలూ ఉన్నాయి గనకే ఆగగలిగారు. ఆ నాలుగు రకాల నేలలో రెండు రకాలు పార్కింగుకు పోయి ఉంటే, ఆగడానికి ఏముండేది?

నా మాటలు విని, మన్యం మారకుండా మ్యూజియంలా ఉండాలంటున్నాననుకునేవాళ్ళున్నారు. కాదు. నిండు గర్భిణిని డోలీ కట్టి కిలోమీటర్ల దూరం మోసుకురావాల్సిన ఊళ్ళు ఆ కొండల్లో ఇంకా ఉన్నాయి. వానాకాలం గెడ్డ పొంగితే బడి మూసుకుపోయే ఊళ్ళున్నాయి. వాళ్ళకు రోడ్డు కావాలి, నర్సు కావాలి, ఫోన్ టవరు కావాలి. కడుపు మండేది ఎక్కడంటే, మేఘాలు కనపడే కొండకు ముందు దారి పడి, మనుషులున్న కొండకు తర్వాత పడినచోట. నడకవాళ్ళంగా మన గొంతు కాస్త గట్టిదే, ఫోటోలకు లైకులొచ్చే గొంతు. ఆ గొంతుతో "వ్యూపాయింటుకు మెట్లు వేయండి" అని మాత్రమే అడగడం నాకు నచ్చదు.

మా ఆఫీసులో కుర్రాడొకడు ఈ మధ్య, "అన్నా, ఉద్యోగం మానేసి అరకులో రెండెకరాలు కొనుక్కుని కాఫీ పండిస్తా" అన్నాడు. నువ్వు కొనలేవురా, చట్టం ఒప్పుకోదు అన్నాను. "లీజుకు?" అన్నాడు. పైన చట్టం గురించి రాసిందంతా వాడికి చెప్పాల్సొచ్చింది. వాడి కోరికను నేను ఎగతాళి చేయను. మట్టిలో పని చేయాలన్న కోరిక మంచిదే. మైదానంలో కూలీలు దొరక్క బీడు పెట్టిన చిన్న కమతాలు బోలెడున్నాయి, మా జీడితోటతో సహా, కొండచిలువలా మింగే రియల్ ఎస్టేటుకు చిక్కకుండా మిగిలినవి. రమ్మన్నాను. జీడి గింజలు ఏరేది ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం అన్నాను. ఆలోచించి చెబుతానన్నాడు.

అలాగని కొండలకు పోవద్దా? పోవాలి. ఎప్పుడు, ఎలా అన్నదే నా పట్టుదల. నా సలహా మార్చి, ఏప్రిల్. మైదానంలో మాడిపోయే రోజుల్లో తొమ్మిది వందలు, వెయ్యి మీటర్ల ఎత్తులో పొద్దునా సాయంత్రం నడవడానికి హాయిగానే ఉంటుంది. కాఫీ కోత, అమ్మకం అయిపోయి ఉంటాయి, చేలు ఖాళీ, ఇళ్ళల్లో మనుషులకు మాట్లాడే తీరిక. ఒక మంచి వాన పడిందంటే కాఫీ మొక్కలన్నీ ఒక్కసారే తెల్లగా పూస్తాయి, ఆ వాసన మల్లెతోటను మరిపిస్తుంది. పనస, చింతపండు, అడ్డాకు కట్టలు సంతకు దిగే కాలం. అరకులో శుక్రవారం, హుకుంపేటలో శనివారం సంత. ముందురోజు రాత్రి దగ్గరి ఊళ్ళో ఆగి, పొద్దున్నే మూటలతో బయల్దేరే ఆడవాళ్ళ వెనక నడిచి చూడండి. ట్రెక్కింగ్ బూట్లు, రెండు కర్రలు పెట్టుకుని కూడా వాళ్ళను అందుకోలేకపోవడం మంచి వ్యాయామం. సంతలో మిరియాలు, పసుపు బేరమాడకుండా కొనండి. మాల్‌లో బేరమాడం కదా.

దారి చూపించడానికి వచ్చేది ఆ ఊరి రైతే అయి ఉండాలి. రేటు ఊరే చెప్పాలి. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు తమ వనరుల మీద గట్టి అధికారమే ఇచ్చింది. తమ కొండ మీదికి రోజుకు ఎంతమంది రావాలి, ఏ నెలలో రాకూడదు, ప్రవేశ రుసుము ఎంత, అది ఏ ఖాతాలో పడాలి అన్నవి ఊరు కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతులు. కాఫీ కోత నెలలన్నీ కొండ మూసేస్తామని ఏదైనా ఊరు తీర్మానిస్తే, నడకవాళ్ళలో మొదట చేతులెత్తి సమర్థించేవాణ్ణి నేనే. మా బృందంలో ఈ ముక్క దగ్గర సగంమంది లేచిపోతారు. డిసెంబరులో సెలవులుంటాయి, ఏప్రిల్‌లో పిల్లల పరీక్షలుంటాయి అంటారు. ఉంటాయి. ఆ ఊళ్ళో పిల్లలకూ ఉంటాయి.

చైత్రంలో వెళ్ళేవాళ్ళకు ఇంకో మాట. అప్పుడు ఇటుకల పండుగ. విత్తనానికి పూజ చేసి, మగవాళ్ళు వేటకు పోయే పండుగ. ఆ రోజుల్లో ఊరి ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కర్రో తాడో పెట్టి, పాటలు పాడుతూ, వచ్చేపోయే బండినల్లా ఆపి డబ్బులడుగుతారు. టోల్‌గేటు కంటే పాత ఆనవాయితీ. కారులో కూర్చుని అద్దం దించకుండా హారన్ కొట్టేవాళ్ళను చూశాను, కిందికి దిగి వాళ్ళతో నాలుగడుగులు ధింసా వేసేవాళ్ళనూ చూశాను. ఎంతివ్వాలన్నది మీ ఇష్టం, వాళ్ళు గట్టిగానే అడుగుతారు. చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఫోన్‌పే పనిచేయదు.